గ్యాస్ట్రిక్ బైపాస్‌లో స్టేప్లింగ్: పిన్నుల వరుసలు, పదేళ్ళ ఫలితాలు

తీవ్ర స్థూలకాయానికీ, దానితో ముడిపడిన మధుమేహానికీ చేసే ఆపరేషన్లలో గ్యాస్ట్రిక్ బైపాస్ పాతది, ఎక్కువ కాలం పరీక్షకు నిలిచినది. జీర్ణాశయం పైకొనలో 30 మి.లీ. పట్టే చిన్న సంచిని మిగిల్చి, తక్కిన భాగాన్ని దాన్నుంచి వేరు చేసి, చిన్న పేగును కోసి పైకి తెచ్చి ఆ సంచికి అతికిస్తారు. వేరు చేసిన పెద్ద భాగాన్ని తీసెయ్యరు. అది లోపలే ఉండి ఆమ్లాన్ని ఊరుస్తూనే ఉంటుంది. కోతలు, అతుకులు దాదాపు అన్నీ స్టేప్లర్‌తోనే జరుగుతాయి. ఒక్క ఆపరేషన్‌లో ఐదారు నుంచి ఎనిమిది కార్ట్రిడ్జ్‌ల దాకా ఖర్చవుతాయి. ఒక్కోదానిలో పదుల కొద్దీ టైటానియం పిన్నులుంటాయి, అవి జీవితాంతం ఒంట్లోనే ఉండిపోతాయి. ఎక్కడ వేశారు, ఎంత బిగించారు, మధ్యలో కోశారా లేదా, అతుకు ఎంత వెడల్పు ఉంచారు అన్నవాటిలో కొన్నింటి ఫలితం వారంలో తేలుతుంది, కొన్నింటిది పదేళ్ళకు గానీ బయటపడదు.

దిగువ కృష్ణా డెల్టా వారికి ఈ ఆపరేషన్ జరిగేది ఎక్కువగా విజయవాడ, గుంటూరు, హైదరాబాద్‌లలోని ప్రైవేటు ఆసుపత్రుల్లో. ఆ తర్వాతి పదేళ్ళు గడిచేది మాత్రం మచిలీపట్నంలో, గుడివాడలో, దివిసీమ ఊళ్ళలో. 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం ఆంధ్రప్రదేశ్‌లో 15 నుంచి 49 ఏళ్ళ ఆడవాళ్ళలో 36.3 శాతం, మగవాళ్ళలో 31.1 శాతం మంది అధిక బరువుతోనో స్థూలకాయంతోనో ఉన్నారు. వీరిలో ఆపరేషన్ అవసరమయ్యేవారు కొద్దిమందే. అయినా చేయించుకున్నవారు ఏటా చేరుతూ పోతారు తప్ప తగ్గరు. అందుకే కోత పెట్టిన ఊరికీ కాపురం ఉన్న ఊరికీ మధ్య దూరాన్ని కూడా దీర్ఘకాలిక ఫలితాల లెక్కలో చూడాలి.

స్టేప్లర్ ఎలా వచ్చింది

1908లో బుడాపెస్ట్ సర్జన్ హ్యూమర్ హ్యుల్ట్ల్, పరికరాల తయారీదారు విక్టర్ ఫిషర్ కలిసి జీర్ణాశయానికి పిన్నులు వేసే మొదటి యంత్రాన్ని తయారు చేశారు. కిలోల బరువుండే ఆ యంత్రాన్ని ఆపరేషన్‌కు సిద్ధం చేయడానికే గంటలు పట్టేది. 1920ల మొదట్లో మరో హంగరీ సర్జన్ అలడార్ పెట్జ్ దాన్ని తేలిక చేశాడు. రెండో ప్రపంచ యుద్ధం తర్వాత సోవియట్ పరిశోధకులు మాస్కోలో రకరకాల స్టేప్లర్లు రూపొందించారు. 1958లో కీవ్ వెళ్ళిన అమెరికన్ సర్జన్ మార్క్ రావిచ్ అక్కడ ఊపిరితిత్తుల ఆపరేషన్‌లో వాటిని వాడటం చూసి, ఒకటి కొని ఇంటికి తెచ్చుకున్నాడు. 1964లో లియాన్ హిర్ష్ యునైటెడ్ స్టేట్స్ సర్జికల్ కార్పొరేషన్‌ను స్థాపించాడు. ఆ దశాబ్దం చివరికి మార్చుకునే కార్ట్రిడ్జ్‌లతో రెండు రకాలు ఆసుపత్రులకు చేరాయి: పిన్నులు మాత్రమే వేసే టీఏ, పిన్నుల మధ్య కత్తి కూడా నడిపే జీఐఏ. గ్యాస్ట్రిక్ బైపాస్ చరిత్రలో సగం ఈ రెంటి మధ్య తేడాయే.

అదే కాలంలో, 1966లో, అమెరికాలోని అయోవా విశ్వవిద్యాలయంలో ఎడ్వర్డ్ మేసన్, చికాషి ఇటో మొదటి గ్యాస్ట్రిక్ బైపాస్ చేశారు. పుండ్ల జబ్బుకు జీర్ణాశయంలో కొంత భాగం తీసేసినవారు సన్నబడి మళ్ళీ లావెక్కకపోవడం మేసన్ గమనించాడు. ఆయన జీర్ణాశయాన్ని అడ్డంగా కోసి, పై సంచికి పేగు మెలికను అతికించాడు. పైత్యరసం ఎగదన్నుతుండటంతో 1977లో గ్రిఫెన్ బృందం ఆ మెలికకు బదులు వై ఆకారపు అతుకు ప్రవేశపెట్టింది. ఈ అతుకు 19వ శతాబ్దం చివర లోజాన్ నగరంలో సేజార్ రూ రూపొందించినది. ఒక పాయలో ఆహారం, మరో పాయలో పైత్యరసం దిగి కిందెక్కడో కలుస్తాయి. ఆహారపు పాయ సాధారణంగా 100 నుంచి 150 సెం.మీ. ఉంటుంది.

కోయకుండా బిగించిన కాలం

1977లోనే మరో మార్పు వచ్చింది. జాన్ ఆల్డెన్ జీర్ణాశయాన్ని కోయడం మానేసి, టీఏ స్టేప్లర్‌తో అడ్డంగా పిన్నుల వరుస మాత్రం వేశాడు. కోత లేదు కాబట్టి లీకు భయం తక్కువ, సమయం ఆదా, నెత్తురూ తక్కువే. కాగితం మీద ఇంతకన్నా తెలివైన మార్పు లేదు. పదిహేనేళ్ళకు పైగా ఎంతోమంది సర్జన్లు ఇదే పద్ధతిలో నడిచారు.

పొరపాటు ఎక్కడుందో లోపలి పొరలు చూస్తే అర్థమవుతుంది. పేగూ జీర్ణాశయమూ అతుక్కోవాలంటే బయటి పొర బయటి పొరతో కలవాలి, లేదా కోసిన అంచులు మానాలి. కోయకుండా నొక్కి పిన్ను వేస్తే జీర్ణాశయం ముందు గోడ లోపలి జిగురు పొర, వెనక గోడ జిగురు పొరకు ఆనుతుంది. జిగురు పొరలు ఒకదానితో ఒకటి కలిసిపోవు. అంటే అక్కడ మానడమంటూ జరగదు, పిన్నులు పట్టి ఉంచినంత కాలమే ఆ గోడ నిలుస్తుంది. తిన్న ప్రతిసారీ పై సంచిలో ఒత్తిడి పెరుగుతుంది, పిన్ను కణజాలాన్ని కొద్దికొద్దిగా కోసుకుంటూ పోతుంది. ఏడాదికో నాలుగేళ్ళకో ఎక్కడో ఒకచోట వరుస విడిపోతుంది. వరుస మీద వరుసగా రెండు మూడు సార్లు వేసి చూశారు. ఆలస్యమైంది తప్ప ఆగలేదు.

విడిపోయిన చోట పై సంచికీ కింది జీర్ణాశయానికీ మధ్య దారి ఏర్పడుతుంది. దీన్ని గ్యాస్ట్రో-గ్యాస్ట్రిక్ ఫిస్టులా అంటారు. దానితో రెండు నష్టాలు. తిన్న అన్నం పాత దారిన పోతుంది, తగ్గిన బరువు తిరిగొస్తుంది. కింది జీర్ణాశయంలోని ఆమ్లం పైకి ఎగదన్ని పేగు అతుకును కాలుస్తుంది, అక్కడ పుండు పడుతుంది. 1990లలో మాంట్రియల్‌లో లాయిడ్ మెక్లీన్ బృందం ఇలాంటి పుండ్లకూ పిన్నుల వరుస విడిపోవడానికీ ఉన్న సంబంధాన్ని విడమరిచి చూపింది. అప్పటి నుంచి జీర్ణాశయాన్ని పూర్తిగా కోసి, రెండు అంచులనూ వేరు చేయడం నియమమైంది. కొందరు రెంటి నడుమ పేగు పాయను అడ్డుగా కూడా ఉంచుతారు. కోసి వేరు చేసిన పద్ధతిలో ఈ ఫిస్టులా ఒకటి రెండు శాతానికి దిగింది. స్టేప్లింగ్‌లో వచ్చిన మార్పులన్నిట్లో దీర్ఘకాలిక ఫలితాన్ని నిజంగా తిప్పేసింది ఇదొక్కటే అని ఈ వ్యాసకర్త అభిప్రాయం. తర్వాత వచ్చిన రంగురంగుల కార్ట్రిడ్జ్‌లు, మోటారు స్టేప్లర్లు దీని ముందు చిన్నవి.

ఇదే పాఠాన్ని మేసనే 1980లో మొదలుపెట్టిన మరో ఆపరేషన్ ఇంకా పెద్ద ఎత్తున చెప్పింది. పేగును ముట్టుకోకుండా జీర్ణాశయానికి నిలువుగా పిన్నుల వరుస వేసి, దారి చివర పట్టీ బిగించేవారు. స్వీడన్‌లో 1987 నుంచి 2001 వరకు 4,047 మందిని చేర్చుకుని దశాబ్దాల పాటు వెంబడించిన అధ్యయనంలో ఆపరేషన్ అయినవారిలో అత్యధికులది ఈ పద్ధతే. పదేళ్ళకు వారి బరువు తగ్గుదల 16 శాతం దగ్గర నిలిచింది. బైపాస్ చేయించుకున్నవారిది 25 శాతం. కోయని పిన్నుల వరుస మీద పూర్తిగా ఆధారపడిన ఆ ఆపరేషన్ ఇప్పుడు దాదాపు కనుమరుగైంది. 1980ల్లో, 90ల్లో విదేశాల్లో ఆపరేషన్ చేయించుకుని, మలివయసులో సొంతూరు చేరినవారు ఉంటే, వారి పొట్టలో ఉన్నది ఈ పాత వరుసే కావచ్చు. 'చాలా ఏళ్ళ కింద బరువు ఆపరేషన్ అయింది' అని రోగి చెప్పినప్పుడు ఏ ఆపరేషన్, ఏ సంవత్సరం అని అడగడం అందుకే అవసరం.

పిన్ను ఎత్తు, గోడ మందం

కార్ట్రిడ్జ్‌లో పిన్ను నిలువుగా లేచిన రెండు కాళ్ళతో ఉంటుంది. నొక్కినప్పుడు కాళ్ళు ఎదురుగా ఉన్న గుంటల్లో వంగి ఇంగ్లీషు 'బి' అక్షరం ఆకారం తీసుకుంటాయి. ఆ రెండు కన్నాల్లోంచి సన్నని నెత్తురు నాళాలు నడుస్తూ ఉండాలి, నెత్తురు మాత్రం కారకూడదు. పిన్ను పొట్టిదైతే కణజాలం నలిగి చచ్చి లీకవుతుంది. పొడుగుదైతే సరిగా మూసుకోక నెత్తురు కారుతుంది. అందుకే ఎత్తును బట్టి రంగులు పెట్టారు. ఒక ప్రముఖ కంపెనీ వరసలో తెల్లది మూసుకున్నాక 1 మి.మీ., నీలంది 1.5 మి.మీ., ఆకుపచ్చది 2 మి.మీ. ఇంకో కంపెనీ రంగులు వేరు, కాబట్టి రంగు పేరు చెప్పి ఊరుకుంటే చాలదు. జీర్ణాశయం గోడ అంతటా ఒకే మందం కాదు. కింద పేగు వైపు దళసరి, పైన అన్నవాహిక పక్కన పలచన. చిన్న పేగు ఇంకా పలచన. సంచి చేయడానికి సాధారణంగా నీలం, పేగుకు పేగు అతికేటప్పుడు తెల్లది వాడతారు. పాత ఆపరేషన్ మచ్చ ఉన్నచోట, రెండోసారి కోస్తున్నప్పుడు గోడ దళసరి కట్టి ఉంటుంది, అక్కడ పొడుగు పిన్ను కావాలి.

థియేటర్‌లో ఆ క్షణం ఇలా నడుస్తుంది. అన్నవాహిక కింద ఐదారు సెంటీమీటర్ల దూరంలో, జీర్ణాశయం చిన్న వంపు అంచున దారి చేసుకుని, 60 మి.మీ. స్టేప్లర్ దవడలు అడ్డంగా పెడతారు. మూసే ముందు సర్జన్ అనస్థీషియా డాక్టరును గొట్టాలు తీశారా అని అడుగుతాడు. ముక్కు గొట్టమో, ఉష్ణోగ్రత కొలిచే తీగో దవడల్లో పడి పిన్నుల్లో ఇరుక్కుపోయిన ఘటనలు వైద్య సాహిత్యంలో కొల్లలు. దవడలు మూసి వెంటనే పిన్నులు వేయరు. కనీసం 15 సెకన్లు ఆగుతారు. కణజాలంలోని నీరు ఆ ఒత్తిడికి పక్కకు జరిగి, గోడ పలచబడి, పిన్నులు సరిగ్గా వంగుతాయి. ఆ తర్వాత నొక్కితే కోతకు చెరో పక్కన మూడేసి వరుసలు పడతాయి, మధ్యలో కత్తి నడుస్తుంది. తర్వాతి పిన్నుల వరుసలన్నీ నిలువుగా, లోపల పెట్టిన కొలత గొట్టం పక్కనుంచి, పైన ఎడమవైపు మూల దాకా. ఆ మూలలో జీర్ణాశయం పైగోపురాన్ని ఏమాత్రం వదిలినా అది సాగే గుణమున్న భాగం. ఏళ్ళు గడిచేసరికి 30 మి.లీ. సంచి రెట్టింపు మూడింతలు అవుతుంది. అంతేకాదు, ఆమ్లం ఊరే కణాలు కూడా సంచిలో ఎక్కువ మిగిలిపోతాయి. ఆ మూల దాకా కొవ్వును ఓపికగా విడదీసి చివరి కార్ట్రిడ్జ్ సరిగ్గా వేయడం, పదేళ్ళ ఫలితం విషయంలో, ఏ కంపెనీ స్టేప్లర్ అన్నదాని కన్నా పెద్ద సంగతి.

స్టేప్లర్లు మొరాయించవా అంటే మొరాయిస్తాయి. అమెరికా ఔషధ, వైద్య పరికరాల నియంత్రణ సంస్థ ఎఫ్‌డీఏ 2019లో వెల్లడించిన లెక్క ప్రకారం 2011 జనవరి నుంచి 2018 మార్చి వరకు శస్త్రచికిత్స స్టేప్లర్ల మీద 41 వేలకు పైగా ఫిర్యాదులు వచ్చాయి. వాటిలో 366 మరణాలు, తొమ్మిది వేలకు పైగా తీవ్ర గాయాలు. ఇవి బైపాస్‌కే సంబంధించినవి కావు, అన్ని ఆపరేషన్లవీ. వీటిలో చాలా నివేదికలు అప్పటిదాకా జనానికి కనిపించని ఖాతాలో ఉండిపోయాయి. 2021లో ఎఫ్‌డీఏ ఈ పరికరాలను ఇంకా కట్టుదిట్టమైన తరగతిలోకి మార్చింది. పొట్టకు చిన్న కన్నాలు పెట్టి కెమెరాతో చేసే లాప్రోస్కోపీ బైపాస్‌లో లీకు మాత్రం అనుభవజ్ఞుల చేతుల్లో ఒక శాతం చుట్టూనే ఉంటుంది. అమెరికాలో పది ఆసుపత్రులు కలిసి 2009లో ప్రచురించిన పరిశీలనలో నెలలోపు మరణాలు లాప్రోస్కోపీ బైపాస్‌లో 0.2 శాతం.

వరుస మీద పట్టీ వేసి బలపరచడం మరో పద్ధతి. పట్టీలు కొన్ని కరిగిపోయే కృత్రిమ పదార్థంతో, కొన్ని పశువుల గుండె పొరతో చేస్తారు. నెత్తురు కారడం వీటితో తగ్గుతుంది, లీకు మీద ప్రభావం గురించి ఏకాభిప్రాయం లేదు. ఆ గుండె పొర ఆవుదో ఎద్దుదో అని తెలిస్తే ఒప్పుకోని ఇళ్ళు మన దగ్గర తక్కువేం కాదు. ముందే చెప్పి సంతకం తీసుకోవాల్సిన విషయమిది.

అతుకు ఎంత వెడల్పు

సంచికీ పేగుకూ మధ్య అతుకు మూడు రకాలుగా వేస్తారు. 1994లో అమెరికాలోని శాన్ డియేగోలో విట్‌గ్రోవ్, క్లార్క్ లాప్రోస్కోపీ ద్వారా మొదటి బైపాస్‌ల ఫలితాలు ప్రచురించినప్పుడు 21 మి.మీ. గుండ్రటి స్టేప్లర్ వాడారు. దాని తలను నోటి ద్వారా గొంతులోకి దింపేవారు. రెండోది, నిలువు స్టేప్లర్‌ను కొంత మేర లోపలికి దూర్చి పిన్నులు వేసి, మిగిలిన కన్నాన్ని కుట్టేయడం. మూడోది పూర్తిగా చేతి కుట్టు.

21 మి.మీ. గుండ్రటి స్టేప్లర్ తీసిన కన్నం లోపలి కొలత సుమారు 12 మి.మీ., 25 మి.మీ. దానిది సుమారు 16. ఈ చిన్న తేడాకు ఫలితం పెద్దది. 2003లో నుయెన్ బృందం పోల్చి చూస్తే 21తో దాదాపు నాలుగో వంతు మందికి అతుకు బిగుసుకుపోయింది, 25తో పదో వంతు లోపే. నిలువు స్టేప్లర్‌తో ఇది ఇంకా తక్కువ, కోత గాయంలో చీము పట్టడం కూడా తక్కువ. గుండ్రటిదాన్ని పొట్ట గోడ గుండా బయటకు లాగేటప్పుడు గాయానికి పేగు మురికి అంటుతుంది. బిగుసుకోవడం మొదటి రెండు మూడు నెలల సమస్య. ముద్ద దిగదు, నీళ్ళు కూడా కక్కేస్తారు. ఎండోస్కోపీలో బెలూన్‌తో ఒకటి రెండుసార్లు సాగదీస్తే చాలామందికి తీరిపోతుంది. కానీ గుడివాడ మనిషికి ఆపరేషన్ అయిన రెండో నెలలో వాంతులు మొదలైతే, 'గ్యాస్ పట్టింది' అని సెలైన్ ఎక్కించుకుని వారాలు గడిపే ప్రమాదముంది. అలా వాంతులతో విటమిన్ బి1 పడిపోతే మెదడుకే దెబ్బ. ఆ బి1 (థయమిన్) ఇవ్వకుండా గ్లూకోజ్ ఎక్కిస్తే పరిస్థితి ఇంకా చెడుతుంది.

ఇక దీర్ఘకాలం. గుండ్రటి స్టేప్లరా, నిలువుదా, చేతి కుట్టా అన్నదాన్ని బట్టి ఒకటి రెండేళ్ళ తర్వాత బరువులో చెప్పుకోదగ్గ తేడా కనిపించలేదు. అతుకు ఏళ్ళ తరబడి ఎంత సాగిందన్నది మాత్రం పనిచేస్తుంది. 2011లో వచ్చిన ఒక అమెరికన్ పరిశీలనలో అతుకు వ్యాసం 10 మి.మీ. ఎక్కువైతే, తగ్గిన బరువులో తిరిగి చేరే భాగం 8 శాతం పెరిగింది. సాగిన అతుకును నోటి ద్వారా ఎండోస్కోపీ కుట్టుతో మళ్ళీ బిగించవచ్చు. అలాగని బరువు తిరిగి రావడానికంతటికీ అతుకునే తప్పు పట్టలేం. రోజంతా కూల్‌డ్రింకులూ, మెత్తటి చిరుతిళ్ళూ జారిపోతుంటే ఏ కొలత అతుకూ ఆపలేదు.

అతుకు పుండు

అతుకు దగ్గర పేగు వైపు పడే పుండు నెలల్లోనూ రావచ్చు, పదేళ్ళకూ రావచ్చు. వివిధ పరిశీలనల్లో ఇది 0.6 నుంచి 16 శాతం దాకా నమోదైంది. పిన్నుల వైపు నుంచి కారణాలు మూడు: సంచి పెద్దదై ఆమ్లం ఊరడం, ఫిస్టులా, అతుకులో కరగని దారం మిగలడం. కరిగే దారం వాడిన చోట పుండ్లు తక్కువని 2006 నాటి ఒక పరిశీలన చూపింది. టైటానియం పిన్నులు మాత్రం పెద్దగా చెడు చేయవు, ఎంఆర్‌ఐకీ అడ్డు రావు.

తక్కిన కారణాలు రోగి చేతిలోవి: పొగ, హెలికోబాక్టర్ పైలోరీ సూక్ష్మజీవి, నొప్పి బిళ్ళలు. డెల్టా పల్లెల్లో చివరిది అన్నిటికన్నా బరువైనదని చెప్పక తప్పదు. నాట్లు, కోతలు, రొయ్యల చెరువుల పట్టుబడి ముగిశాక ఒళ్ళు నొప్పులని ఆర్‌ఎంపీ దగ్గరికి వెళితే డైక్లోఫెనాక్ ఇంజెక్షన్, చేతిలో ఏసిక్లోఫెనాక్ బిళ్ళల పొట్లం మామూలే. మోకాళ్ళు అరిగిన వయసువాళ్ళు మందుల షాపులో రంగు చెప్పి కొనుక్కుంటారు. బైపాస్ అయినవారికి ఇవన్నీ నిషిద్ధం. ఇంజెక్షన్ అయినా సరే, ఎందుకంటే అది నెత్తురు ద్వారానే జిగురు పొర రక్షణను తగ్గిస్తుంది. పారాసిటమాల్ వాడుకోవచ్చు. ఆపరేషన్ తర్వాత మూడు నెలల పాటు ఆమ్లం తగ్గించే మందు ఇవ్వడం చాలా చోట్ల ఆనవాయితీ. పుండు చిల్లు పడితే ఆపరేషన్ తప్పదు. చుట్ట, బీడీ మానని మనిషికి నయమైన పుండు మళ్ళీ పడుతుంది.

పేగు జారే సందులు

బైపాస్ తర్వాత వచ్చే ఆపదల్లో జిల్లా వైద్యులు తెలుసుకుని తీరాల్సింది ఇదే. పేగును పైకి తెచ్చినప్పుడు, పేగుకు పేగు అతికినప్పుడు వాటిని వేలాడదీసే పొరలో సందులు ఏర్పడతాయి. ఒకటి పేగు అతుకు దగ్గర, మరొకటి ఆహారపు పాయ వెనకాల. రెండోదానికి జర్మన్ సర్జన్ పీటర్సెన్ పేరు పెట్టారు. లాప్రోస్కోపీలో లోపల మచ్చలు తక్కువ పడతాయి, పేగులు స్వేచ్ఛగా కదులుతాయి. బరువు తగ్గేకొద్దీ పొరలోని కొవ్వు కరిగి సందు పెద్దదవుతుంది. అందుకే ఆ సందులోకి పేగు జారి ఇరుక్కునే ఈ హెర్నియా బాగా సన్నబడ్డ ఒకటి నుంచి మూడేళ్ళలో ఎక్కువ. గర్భవతుల్లో పెరిగే గర్భాశయం పేగులను పైకి నెడుతుంది కాబట్టి వారికి ముప్పు ఇంకా ఎక్కువ.

సందులు మూయాలా వద్దా అన్నదానికి స్వీడన్‌లో 12 ఆసుపత్రులు, 2,507 మందితో చేసిన పరీక్ష 2016లో లాన్సెట్‌లో వచ్చింది. మూడేళ్ళలో పేగు అడ్డుపడి మళ్ళీ ఆపరేషన్ అవసరమైనవారు సందులు మూయని గుంపులో 10.2 శాతం, మూసిన గుంపులో 5.5 శాతం. సగానికి తగ్గింది. దీనికీ ఒక మూల్యం ఉంది. మూసినవారిలో మొదటి నెలలో తీవ్ర సమస్యలు 2.8 నుంచి 4.3 శాతానికి పెరిగాయి, ముఖ్యంగా పేగు అతుకు మెలిక పడటం వల్ల. దారంతో కుట్టినా, లోహపు క్లిప్పులు వేసినా మూయడం వల్ల లాభమే ఉంటుంది. కొలత తప్పి బిగిస్తేనే మెలిక.

లక్షణం చూడటానికి సాదాసీదాగా ఉంటుంది. తిన్నాక పొట్ట మధ్యలోనో ఎడమ పక్కనో పట్టేసినట్టు నొప్పి వచ్చి పోతుంది. నెత్తురు పరీక్షలు మామూలుగా ఉంటాయి. స్కాన్ కూడా కొన్నిసార్లు శుభ్రంగా కనిపిస్తుంది. అనుమానం ఉంటే కెమెరా పెట్టి చూడటమే సరైన పద్ధతి, ఆలస్యమైతే పేగు కుళ్ళుతుంది. మామూలు పేగు అడ్డంకికి ముక్కు గొట్టం వేసి ఒకటి రెండు రోజులు చూడటం అలవాటు. బైపాస్ మనిషికి ఆ గొట్టం చిన్న సంచిని మాత్రమే ఖాళీ చేస్తుంది, వేరు చేసిన పెద్ద జీర్ణాశయం లోపల ఉబ్బి పగలొచ్చు. కాబట్టి ఆగకుండా పెద్ద ఆసుపత్రికి పంపాలి. మచిలీపట్నం నుంచి విజయవాడ 70 కి.మీ. వరకు, 65వ జాతీయ రహదారి మీద గంటన్నరలో చేరొచ్చు. నాగాయలంక, కోడూరు వైపు నుంచి ఇంకా దూరం, ఎదురుమొండి దీవుల వారైతే ముందు పంటు దాటాలి. 2022 ఏప్రిల్‌లో జిల్లాలు విడిపోయాక పెద్ద ఆసుపత్రులు చాలావరకు ఎన్టీఆర్ జిల్లాలో మిగిలాయి, కృష్ణా జిల్లా కేంద్రం మచిలీపట్నం. 2023లో అక్కడ ప్రభుత్వ వైద్య కళాశాల మొదలవడం ఈ విషయంలో మేలు చేయాల్సిన మార్పు. సర్జరీ విభాగంలో రాత్రి డ్యూటీ డాక్టరుకు ఈ ఒక్క సంగతి తెలిస్తే చాలు, బైపాస్ చేయడం రానక్కర్లేదు.

బరువు, షుగరు, పోషకాలు

అమెరికాలోని యూటాలో 12 ఏళ్ళ పాటు వెంబడించిన పరిశీలన 2017లో వచ్చింది. బైపాస్ అయినవారు రెండేళ్ళకు సగటున 45 కిలోలు తగ్గి, 12 ఏళ్ళకు 35 కిలోల తగ్గుదల నిలబెట్టుకున్నారు. మధుమేహం మందుల్లేకుండా అదుపులో ఉన్నవారు రెండేళ్ళకు 75 శాతం, ఆరేళ్ళకు 62, పన్నెండేళ్ళకు 51. షుగరు కొందరికి తిరిగొస్తుంది, ముఖ్యంగా చాలా ఏళ్ళుగా ఇన్సులిన్ మీద ఉన్నవారికి. మన దేశంలో ఎక్కువగా జరిగే స్లీవ్ ఆపరేషన్‌లో పేగును ముట్టుకోరు, జీర్ణాశయం పొడవునా ఒకే పెద్ద పిన్నుల వరుస వేస్తారు. ఫిన్లాండ్‌లో రెంటినీ పదేళ్ళు పోల్చితే అదనపు బరువులో బైపాస్ 50.7 శాతం, స్లీవ్ 43.5 శాతం తగ్గించాయి. స్లీవ్‌లో గుండె మంట ఎక్కువ.

ఈ అంకెల్లో స్టేప్లర్ వాటా ఎంత? పిన్నుల వరుస సవ్యంగా నిలిచిందన్న షరతు మీద, తర్వాతి తేడాలు చాలావరకు పేగు పాయల పొడవు, హార్మోన్ల మార్పు, తిండి, మందులు, చెకప్‌ల నుంచే వస్తాయి. ఇనుము పీల్చుకునే పేగు మొదటి భాగాన్ని ఆహారం దాటేస్తుంది. బి12 కు కావలసిన జీర్ణాశయ రసం ఆహారంతో సరిగా కలవదు. రాష్ట్రంలో 15 నుంచి 49 ఏళ్ళ ఆడవాళ్ళలో 58.8 శాతం మందికి ముందే రక్తహీనత ఉందని అదే 2019-21 సర్వే చెప్పింది. అలాంటి చోట బైపాస్ అయిన ఆడవాళ్ళు ఇనుము, బి12, కాల్షియం సిట్రేట్, విటమిన్ డి జీవితాంతం వాడాలి. ఫోలిక్ ఆమ్లం కూడా. 

తిండి సంగతి స్థానికంగా మంచిచెడులు కలిసి ఉంది. చేపలు, గుడ్లు, పెరుగు, పప్పు దండిగా దొరికే నేల. మాంసకృత్తులకు లోటు రానక్కర్లేదు. ముందు చేపముక్క, పప్పు తిని, చివర రెండు ముద్దల అన్నం. తింటూ నీళ్ళు తాగకూడదు. బందరు లడ్డూ ఒకటి మొత్తం తింటే పావుగంటలో గుండెదడ, చెమటలు, కళ్ళు తిరగడం, విరేచనం రావొచ్చు. చక్కెర నేరుగా పేగులో పడటం వల్ల వచ్చే డంపింగ్ ఇది. తర్వాత రెండు మూడు గంటలకు షుగరు పడిపోవడం కొందరిలో ఏళ్ళ తర్వాత మొదలవుతుంది. మద్యం కూడా మునుపటి కన్నా తొందరగా, ఎక్కువగా ఎక్కుతుంది, వ్యసనంగా మారే అవకాశం పెరుగుతుంది.

ఎవరికి చేస్తారు, ఎవరు డబ్బిస్తారు

అంతర్జాతీయ, అమెరికన్ బేరియాట్రిక్ సంఘాలు 2022లో ఇచ్చిన సిఫారసుల్లో ఆసియా వారికి బీఎంఐ (ఎత్తుతో పోల్చిన బరువు కొలత) 27.5 దాటితే ఆపరేషన్ ఆలోచించవచ్చన్నారు. మన ఆరోగ్య బీమా నిబంధనల్లో మాత్రం గీత ఇంకా పైనే ఉంది. బీఎంఐ 40, లేదా గుండె జబ్బు, తీవ్రమైన నిద్రలో శ్వాస ఆగడం, అదుపులేని మధుమేహం లాంటివి తోడైతే 35. పొట్ట చుట్టూ కొవ్వుతో, బీఎంఐ 31 దగ్గర షుగరు ముదిరిన రైతుకు వైద్యశాస్త్రం ఔనంటుంది, పాలసీ కాదంటుంది. కార్ట్రిడ్జ్‌ల ఖర్చు బిల్లులో పెద్ద భాగం. గుజరాత్‌లోని వాపిలో ఉన్న మెరిల్ లాంటి దేశీ కంపెనీలు స్టేప్లర్లు తయారు చేయడం మొదలెట్టాక ఎంపిక పెరిగింది.

వేరు చేసిన జీర్ణాశయం

పిన్నులతో వేరు చేసిన పెద్ద భాగం ఎండోస్కోపీకి అందదు. అందులో పుండో క్యాన్సరో వచ్చినా నోటి ద్వారా చూడలేం. అందుకే ఆపరేషన్‌కు ముందు ఎండోస్కోపీ చేసి, పైలోరీ ఉంటే చికిత్స చేసుకోవడం మంచిది. త్వరగా సన్నబడేవారికి పిత్తాశయంలో రాళ్ళు రావడం సామాన్యం, తొలి ఆరు నెలలు ఉర్సోడియాక్సీకోలిక్ ఆమ్లం ఇస్తే తగ్గుతాయి. రాయి జారి పిత్తనాళంలో ఇరుక్కుంటే నోటి ద్వారా పిత్తనాళం దాకా దింపే మామూలు ఈఆర్‌సీపీ గొట్టం అక్కడికి చేరడం కష్టం. లాప్రోస్కోపీతో ఆ వేరు చేసిన జీర్ణాశయానికి కన్నం పెట్టి దానిగుండా ఎండోస్కోప్ దింపుతారు, లేదా అల్ట్రాసౌండ్ సాయంతో సంచి నుంచి దానిలోకి లోహపు గొట్టం వేస్తారు. ఈ రెండో పద్ధతిలో సర్జన్ పిన్నులు వేసి వేరు చేసిన రెంటినీ తాత్కాలికంగా మళ్ళీ కలుపుతారు. పని అయ్యాక ఆ దారి మూసుకోకపోతే అదీ గ్యాస్ట్రో-గ్యాస్ట్రిక్ ఫిస్టులాయే.